గూడ జారిన పిదప చంకలో వాపు

శరీరమందలి పెద్ద కీళ్లలో మిక్కిలి తరచుగా తొలగునది భుజపు కీలు. చెట్టుమీదనుండియో, బండిమీదనుండియో పడినవారికి గూడ జారుట, కంటెయెముక విరుగుట సామాన్యము. కీలు సరిచేసి చేతిని మెడకు వ్రేలాడగట్టినంతనే గండము గడచినదని ఇంటివారు తలంతురు. పెక్కుర విషయమున అది నిజమే. కాని కొందరిలో అసలు అపాయము దినములు, వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచిన పిమ్మట బయటపడును.

చేతికి రక్తమును గొనిపోవు పెద్ద ధమని కంటెయెముక క్రిందుగా వచ్చి, చంకలో కీలునకు చేరువగా సాగును. జారిన యెముక తల దానిని సాగదీయవచ్చును. విరిగిన యెముక కొన గీరవచ్చును. వృద్ధులలో ధమని గట్టిపడియుండును గనుక సాగలేక చిట్లును. చిల్లు చిన్నదైనచో కారిన రక్తము చుట్టును గడ్డకట్టి తాత్కాలికముగా గోడవలె నిలుచును. ఆ గోడలోపల, గుండె కొట్టుకొనినప్పుడెల్ల, రక్తపు తిత్తి కొంచెము కొంచెముగా పెరుగును. అప్పటికిని మణికట్టు వద్ద నాడి తగులుచునే యుండవచ్చును. ఏలయన భుజము చుట్టును అల్లుకొనిన చిన్న నాళములు ప్రక్కదారిన చేతికి రక్తము నందించుచుండును. నాడి యున్నదను ధైర్యము ఇందుచేతనే చాలదు.

1850 జూన్ 29న లండనులో బ్రిటిషు మాజీ ప్రధాని సర్ రాబర్టు పీలు గుఱ్ఱముపైనుండి పడెను. ఎడమ కంటెయెముక విరిగి, ఆ చోట గుండెతోపాటు అదరు వాపు కానవచ్చెను. జూలై 2న ఆయన మరణించెను. యెముక క్రింది రక్తనాళము తెగుటయే కారణమని పిమ్మట పలువురు భావించిరి. నేడు అట్టి గాయమును సి.టి. చిత్రమున గుర్తించి, నాళములో తొడుగు గొట్టము నమర్చియో, కాలి సిరముక్క నతికియో బాగుచేయగలుగుచున్నారు.

పల్లెలలో ఎక్కువ భయపడవలసినది వేరొకటి: చంకలోని ఈ వాపును చీముగడ్డయని యెంచి కాపడము పెట్టుట, మర్దించుట, కత్తితో కోయుట. కోసినచో వచ్చు రక్తము చేతితో ఆపతరము గాదు. వ్రేలు మోపినప్పుడు అదరు వాపును ఎవ్వరును కదపరాదు. అదరకున్నను, దెబ్బ తగిలిన వైపున పుట్టిన వాపును శస్త్రవైద్యుడు పరీక్షింపనిదే కోయరాదు. వారములకొలది జారియున్న పాత గూడను బలముగా లాగించుటయు ఇంతటి ప్రమాదమే. మానిన కండకు అతుక్కొనిన ధమని ఆ లాగుటలో చిరుగవచ్చును.

వ్రేళ్లు చల్లబడి పాలిపోవుట, కొనలు నీలమగుట, తిమ్మిరి, పట్టు తప్పుట – ఇవి కనబడిన నాడే పెద్ద ఆసుపత్రికి పోవలెను. చేయి యంతయు బరువెక్కి వాచినచో సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. దానికిని జాగు పనికిరాదు. నాడి అందక చేయి చల్లనైనచో వ్యవధి గంటలే: రక్తప్రసారము పూర్తిగా నిలిచిన కండ సుమారు 6 గంటలలో చెడిపోవచ్చును. వైద్యునికి పాత దెబ్బ సంగతి, అది ఆరునెలల నాటిదైనను, రోగి తానుగా చెప్పవలెను.