ముందు లెక్క మన భాషలో, ఆ తర్వాతే కంప్యూటర్‌లో

 

పోయిన వారం ల్యాబ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు రెండు పరీక్షల మార్కులు కూడే ప్రోగ్రామ్ రాశాడు. 78, 65 అని టైపు చేశాడు. 143 రావాలి కదా, తెర మీద 7865 వచ్చింది. పక్కవాళ్లు నవ్వారు. వాడు చిన్నబుచ్చుకుని, "ఇవన్నీ ఇంగ్లీషు మీడియం వాళ్లకేలెండి సార్" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకంటే వాడి తప్పుకూ ఇంగ్లీషుకూ ఏ సంబంధమూ లేదు. పదో తరగతి అయ్యాక చాలామంది మన పిల్లలు ఇదే భయంతో కంప్యూటర్ సైన్స్ గ్రూపు వద్దంటున్నారు. మన రాష్ట్ర ప్లస్ వన్‌లో సీ ప్లస్ ప్లస్, ప్లస్ టూలో పైథాన్ నేర్పుతారు. ఆ భయం ఇప్పుడే పోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ 7865 సంగతి చూద్దాం. పైథాన్‌లో కీబోర్డు నుంచి మనం ఏది ఇచ్చినా కంప్యూటర్ దాన్ని అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాల మధ్య కూడిక గుర్తు పెడితే పక్కపక్కన అతికిస్తుంది. "ఇది అంకె, దీనితో లెక్క చెయ్యి" అని మనమే చెప్పాలి. పూర్ణసంఖ్య అయితే 'ఇంట్', దశాంశాలుంటే 'ఫ్లోట్' అనే మాట వాడతాం. అబ్బాయి మరిచిపోయింది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఇంట్లో లెక్క ఒకటి తీసుకుందాం. మన తమిళనాడులో ఇళ్లకు కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. 2016 నుంచి మొదటి 100 యూనిట్లు ఉచితం. ఆ పైన యూనిట్లను బట్టి రేటు మారుతుంది. మనం నేర్చుకోవడానికి మాత్రం యూనిట్‌కు 5 రూపాయలని అనుకుందాం. ముందు నోటుబుక్కులో తెలుగులోనే రాయండి:

1. పోయినసారి రీడింగ్ అడగాలి.
2. ఇప్పటి రీడింగ్ అడగాలి.
3. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే యూనిట్లు.
4. అందులోంచి 100 తీసేసి, మిగిలినదాన్ని 5తో గుణించాలి.
5. జవాబు చూపించాలి.

చేత్తో చేసి చూడండి. 4310, 4570 అయితే 260 యూనిట్లు. 100 పోగా 160. బిల్లు 800 రూపాయలు. సరిపోయింది. మరి ఇంట్లో వాళ్లు ఊరెళ్లి, 80 యూనిట్లే కాలితే? 80లోంచి 100 తీస్తే మైనస్ 20. బిల్లు మైనస్ 100 రూపాయలు! అంటే కరెంటు ఆఫీసే మనకు బాకీ అన్నమాట. కంప్యూటర్‌కు ఇది వింతగా తోచదు. మీకు తోచాలి. అందుకే నాలుగో మెట్టు దగ్గర "యూనిట్లు 100 దాటితేనే" అనే షరతు పెట్టాలి. ఇప్పుడు ప్రోగ్రామ్ ఇలా ఉంటుంది:

పాత = ఇంట్(ఇన్‌పుట్("పోయినసారి రీడింగ్? "))
కొత్త = ఇంట్(ఇన్‌పుట్("ఇప్పటి రీడింగ్? "))
యూనిట్లు = కొత్త - పాత
ఇఫ్ యూనిట్లు > 100:
    బిల్లు = (యూనిట్లు - 100) * 5
ఎల్స్:
    బిల్లు = 0
ప్రింట్("బిల్లు", బిల్లు, "రూపాయలు")

ఇందులో ఇంట్, ఇన్‌పుట్, ఇఫ్, ఎల్స్, ప్రింట్ అనే అయిదు మాటలు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. పాత, కొత్త, యూనిట్లు, బిల్లు అనే పేర్లు తెలుగు లిపిలోనే ఉంచవచ్చు. పైథాన్ 3 వాటిని ఒప్పుకుంటుంది. ఇంకో విశేషం, రీడింగ్‌ను ౪౫౭౦ అని తెలుగు అంకెల్లో ఇచ్చినా 'ఇంట్' దాన్ని 4570గానే తీసుకుంటుంది. ఇఫ్, ఎల్స్ కింద వరుసలు కాస్త లోపలికి జరిపి రాయడం మరవకండి. అలా జరపకపోతే ప్రోగ్రామ్ నడవదు.

రాయగానే పని అయిపోలేదు. 80, 100, 101, 260 యూనిట్లు వచ్చేలా రీడింగులు ఇచ్చి చూడండి. వరుసగా 0, 0, 5, 800 రావాలి. తప్పులు ఎక్కువగా దాక్కునేది 100, 101 లాంటి సరిహద్దుల దగ్గరే.

ఇక మీకు ఒక పని. పొరపాటున పాత రీడింగ్ చోట 4570, కొత్త రీడింగ్ చోట 4310 ఇస్తే ఈ ప్రోగ్రామ్ ఏం చెబుతుంది? ఎర్ర అక్షరాలు రావు, తప్పని చెప్పదు. "బిల్లు 0 రూపాయలు" అని ధీమాగా చెబుతుంది. దీన్ని ఎలా ఆపాలో ఆలోచించి, ఒక షరతు చేర్చి తీసుకురండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. ఇంట్లో ఈబీ కార్డు పిల్లల చేతికిచ్చి, "ఈసారి ఎన్ని యూనిట్లు కాలాయి, ఎలా లెక్కేశావు?" అని అడగండి. వాళ్లు మెట్టు మెట్టుగా తెలుగులో చెప్పగలిగితే ప్రోగ్రామ్ సగం రాసినట్టే. అసలు రేట్లు వేసి లెక్క కట్టడం ఆ తర్వాతి మెట్టు.

ఆ అబ్బాయి మర్నాడు మళ్లీ ల్యాబ్‌కు వచ్చాడు. 'ఇంట్' చేర్చాడు. 143 వచ్చింది. ఇప్పుడు అయిదు సబ్జెక్టుల సగటు కడుతున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లు శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌కు రావచ్చు. నోటుబుక్కు తప్పకుండా తెచ్చుకోండి.

మీ ప్రధానోపాధ్యాయుడు