సంక్రాంతికే మల్లెలా!

చలి ముదరాల్సిన రోజుల్లో పెరట్లో మల్లె మొగ్గ తొడిగితే ముచ్చటగానే ఉంటుంది. దాని వెనక ఓ లెక్క తప్పుతోందా? తప్పుతుంటే మనకెలా తెలుస్తుంది? పశ్చిమ ప్రకాశం పెరళ్లలో ఓసారి తిరిగొద్దాం రండి.

సంక్రాంతి గొబ్బెమ్మల నెత్తిన బంతిపూలుంటాయి, గుమ్మడిపూలుంటాయి. చామంతులు గుమ్మానికి తోరణమవుతాయి. ఆడపిల్లల జడల్లో డిసెంబరు పూలు ఊదారంగులో నవ్వుతుంటాయి. మల్లెపువ్వు మాత్రం ఆ పండక్కి చుట్టం కాదు. అది ఎండాకాలం మనిషి. శివరాత్రి వెళ్లాక, మామిడి పిందె పడ్డాక, మంచాలు ఆరుబయటికొచ్చే రోజుల్లో తీరిగ్గా వస్తుంది.

అలాంటి మల్లె ఓ ఏడాది ధనుర్మాసం ముగ్గుల మధ్యే తొంగిచూస్తుంది. ‘‘ఇదేం చోద్యమే, సంకురాత్రి పోకముందే మల్లెలా!’’ అని అవ్వ బుగ్గన వేలేసుకుంటుంది. కోడలు నాలుగు మొగ్గలు కోసి దేవుడి పటానికి పెడుతుంది. అంతటితో ఆ సంగతి మరిచిపోతారు. మళ్లీ ఏడాది అదే మాట, అదే ఆశ్చర్యం.

కానీ ఆ నాలుగు మొగ్గలూ ఒక సమాచారం మోసుకొచ్చాయి. దాన్ని చదవడమెలాగో తెలుసుకోవాలంటే ముందు మొక్కలు కాలాన్ని ఎలా లెక్కపెట్టుకుంటాయో చూడాలి.

మూడు మొక్కలు, మూడు గడియారాలు

చామంతి లెక్కపెట్టేది రాత్రిని. చీకటి నిడివి పెరిగినప్పుడే అది మొగ్గ వేస్తుంది. అందుకే దసరా వెళ్లి పొద్దు కుంచించుకుపోతుంటే చామంతి మడి పసుపెక్కుతుంది. ఈ రహస్యాన్ని బయటపెట్టింది ఓ పొగాకు మొక్క. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘మేరీలాండ్ మామత్’ అనే పొగాకు రకం వేసవి పొలంలో మనిషిని మించి ఎదిగినా పూత పూయకపోవడం గమనించారు. పగటి నిడివి తగ్గిస్తే చాలు, అదే మొక్క పూసింది. 1920లో వాళ్లు ఆ సంగతి లోకానికి చెప్పారు. కర్ణాటకలో కొందరు చామంతి రైతులు రాత్రిపూట చేలో బల్బులు వెలిగించేదీ ఇందుకే. మొక్కకు ఇంకా పొద్దు పొడుగ్గానే ఉందని భ్రమ కల్పించి, పూతను పండగ గిరాకీ దాకా వాయిదా వేయిస్తారు.

మల్లె తీరు వేరు. దానికి కావాల్సింది వెచ్చదనం. చలికి కొమ్మలు ముడుచుకుని నిద్రపోతాయి. ఎండ కాక తగిలి, కాసిన్ని నీళ్లు అందితే చిగురేసి, ఆ చిగురు కొసనే మొగ్గ పెడుతుంది. మల్లె రైతులు చలికాలంలో నీళ్లు కట్టడం మాని, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత మళ్లీ తడి ఇచ్చేది ఈ స్వభావాన్ని ఎరిగే. చలి లేని శీతకాలంలో మల్లెకు నిద్ర సరిగా పట్టదు. ఎవరూ లేపకుండానే లేచి కూర్చుంటుంది.

మామిడి వీటికి భిన్నం. అది లెక్కపెట్టేది చలిని. ముదిరిన కొమ్మలకు చల్లటి రాత్రులు వరసగా కొన్ని దొరికితేనే పూమొగ్గ కడుతుంది. రాత్రులు వెచ్చగా ఉంటే పూత రావాల్సిన చోట ఎర్రటి లేతాకు వస్తుంది. లేదంటే ఒకే చెట్టుకు ఓ కొమ్మన పూత, ఓ కొమ్మన పిందె, మరో కొమ్మన చిగురు... ఎవరి దారి వారిదే.

అసలు విషయం ఇక్కడే ఉంది. శీతకాలం వెచ్చబడితే పూలన్నీ కట్టకట్టుకుని ముందుకు రావు. మల్లె ముందుకు పరిగెడుతుంది, మామిడి తటపటాయిస్తుంది. చామంతి వచ్చే వేళకు వచ్చినా ఆ వేడికి త్వరగా వాడిపోతుంది. ఒకే పెరట్లో, ఒకే గోడ పక్కన ఉన్న మూడు మొక్కలకు మూడు వేర్వేరు నెలలు నడుస్తుంటాయన్నమాట!

చలి ఎటు పోయింది?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం... ఇవన్నీ సముద్రానికి దూరంగా నల్లమల నీడన ఉన్న ఊళ్లు. ఒంగోలు చలి వేరు, గిద్దలూరు చలి వేరు. ఇక్కడ పొద్దున పళ్లు పటపటలాడినా మధ్యాహ్నానికి చొక్కా తడిసేంత ఎండ కాస్తుంది. ఉత్తరం నుంచి పొడిగాలి దిగి, ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోయి గట్టి చలి పుడుతుంది. అదే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మితే, ఆ మబ్బు దుప్పటిలా పనిచేసి వేడిని కిందే ఆపేస్తుంది. వరసగా పది రాత్రులు అలా గడిస్తే మల్లె నిద్ర లేచినట్టే.

ఇది ఎప్పుడూ ఉన్నదే. కొత్తది దీని వెనకున్న పెద్ద లెక్క. 1901 నుంచి ఉన్న రికార్డుల ప్రకారం మన దేశంలో 2024 అత్యంత వేడి సంవత్సరమని భారత వాతావరణ శాఖ ప్రకటించింది. పగటి ఉష్ణోగ్రతల సగటులో 2023 ఫిబ్రవరి ఆ 1901 నాటి నుంచీ ఉన్న ఫిబ్రవరులన్నింటినీ దాటేసింది. రాత్రినీ పగటినీ కలిపి చూస్తే 2025 ఫిబ్రవరి అన్నింటికంటే వెచ్చనిదిగా నిలిచింది. ఇవి దేశం మొత్తమ్మీద తీసిన సగటులు. మన వీధిలో ఏం జరిగిందో ఇవి చెప్పవు.

అలాగని ప్రతి తొందర పువ్వుకూ భూగోళాన్ని తిట్టాల్సిన పనీ లేదు. బండలు పరిచిన వాకిలి, సిమెంటు గోడ పగలంతా ఎండ తాగి రాత్రంతా వేడి వదులుతాయి. ఆ గోడకు ఆనించిన మల్లె, చేలోని మల్లె కంటే ముందే పూస్తుంది. కొమ్మ ముందుగా కత్తిరించినా, స్నానాల గది నీళ్లు రోజూ పాదులోకి పారుతున్నా అంతే. ఒక మొక్కను, ఒక ఏడాదిని చూసి తీర్పు చెప్పలేం.

ఉగాది తూకం సరిపోదు

‘మా చిన్నప్పుడు ఉగాదికి గానీ వేపపూత వచ్చేది కాదు. ఇప్పుడు ముందే వచ్చి రాలిపోతోంది’ అన్నమాట ఏ అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఉగాదితో పువ్వును తూచడంలో ఒక చిక్కుంది. ఉగాది చాంద్రమాన పండగ. 2023లో మార్చి 22న వచ్చింది. మధ్యలో అధిక శ్రావణం పడటంతో 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. అంటే వేప చెట్టు ఏటా ఒకే తేదీన పూసినా, ఓ ఏడు ‘పచ్చడికి పువ్వే దొరకలేదు’ అంటాం, మరో ఏడు ‘ముందే రాలిపోయింది’ అంటాం. చెట్టు ఉన్నచోటే ఉంది, కదిలింది పండగ!

సంక్రాంతి అలా కాదు. సూర్యుణ్ని బట్టి వచ్చే పండగ కాబట్టి జనవరి 14, 15 తేదీలు దాటి పోదు. పూల లెక్కకు అదే సరైన గుంజ. ‘సంక్రాంతి వెళ్లిన ఎన్నో రోజుకు మొదటి మల్లె విచ్చింది?’ అని అడిగితే ఆ జవాబును ఏ ఏడాదితోనైనా పోల్చుకోవచ్చు.

రాసుకున్నవాళ్లకే తెలిసింది

జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు విచ్చుకోవడమంటే పెద్ద పండగ. ఒకప్పుడు రాజులు, సన్యాసులు ఆ పూల విందు ఏ రోజు జరిగిందో దినచర్య పుస్తకాల్లో రాసుకునేవారు. అలాంటి రాతల్లో పాతది క్రీ.శ. 812 నాటిది. ఆవోనో అనే ఆచార్యుడు ఆ పుస్తకాలన్నీ ఓపిగ్గా వెతికి తేదీలు కూర్చారు. కాబట్టే 2021లో మార్చి 26న పూలు నిండుగా విచ్చినప్పుడు ‘పన్నెండు వందల ఏళ్లలో ఇంత తొందరగా ఎప్పుడూ లేదు’ అని ధీమాగా చెప్పగలిగారు.

ఇంగ్లండులో రాబర్ట్ మార్షం అనే భూస్వామి 1736లో తన ఎస్టేటులో తొలి పువ్వు, తొలి చిగురు తేదీలు రాయడం మొదలుపెట్టారు. ఆయన వారసులు 1958 దాకా ఆ పుస్తకం వదల్లేదు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న కేరళనే చూడండి. మనం రేల అని పిలిచే చెట్టును వాళ్లు కొన్న అంటారు. ఏప్రిల్ నడుమ వచ్చే విషు పండక్కి ఆ పసుపు పూలు ఉండి తీరాలి. అవి పండక్కి చాలా ముందే పూసి రాలిపోతున్నాయన్న మాట అక్కడ బలంగా వినిపించింది. దాంతో బడిపిల్లల చేత చెట్లను గమనింపజేసే ‘సీజన్‌వాచ్’ ఊపందుకుంది. వారానికోసారి తమ చెట్టు దగ్గరికి వెళ్లి చిగురు, మొగ్గ, పువ్వు, కాయ ఎంతెంత ఉన్నాయో పిల్లలు నమోదు చేస్తారు. ఖర్చేమీ లేదు, కావాల్సింది కళ్లూ ఓపికానే.

మనకు రాయడం కొత్తా? దేశమంతా అక్షరాలు దిద్దుకోవడానికి పలకలు పంపిన ఊరు మార్కాపురం! కాకపోతే పలక మీద రాసింది తడిగుడ్డతో చెరిగిపోతుంది. మన పూల జ్ఞాపకాలూ అలాగే ఏడాదికేడాది చెరిగిపోతున్నాయి.

ముచ్చట వెనక నష్టం

మల్లె వారం ముందు పూస్తే ఏమైంది అనుకోవచ్చు. పెరట్లో అయితే ఏమీ కాదు. చేలో అవుతుంది. వెచ్చటి పొడి వాతావరణంలో మొగ్గ తొలిచే పురుగుకు, ఎర్రనల్లికి పని సులువు. చిగురు ముందే వచ్చిందంటే తడీ ముందే ఇవ్వాలి. వేసవిలో బోర్లు నోరెళ్లబెట్టే ఈ మెట్ట ప్రాంతంలో ఆ నాలుగు తడులే రైతుకు ప్రాణం. మామిడికి పూత దఫదఫాలుగా వస్తే తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కూడా దఫదఫాలుగా కొట్టాలి. కాయ ఒకేసారి కోతకు రాదు. కూలి రెట్టింపవుతుంది.

ఇక కొండ మీదికి పోదాం. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమలలో చెంచులకు ఇప్పపువ్వు అడవి ఇచ్చే పంట. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే నేలరాలే ఆ పూలను ఏరుకుంటారు. ఎలుగుబంట్లూ వాటి కోసమే వస్తాయి. తేనెటీగలకూ మోదుగ, వేప, కానుగ ఒకదాని తర్వాత ఒకటి పూస్తేనే పూట గడిచేది. ఒకటి తొందరపడి వెళ్లిపోయి, రెండోది ఆలస్యమైతే మధ్యలో వచ్చేవి పస్తుల రోజులే.

మీ పెరట్లో...

• గోడ క్యాలెండరు మీద పాలవాడి లెక్క, గ్యాసు బండ తేదీ రాస్తాంగా. దాని పక్కనే మొదటి మల్లె, మొదటి మామిడి పూత, మొదటి వేపపువ్వు తేదీలు రాయండి. డిసెంబరు 31న వాటిని ఓ నోటు పుస్తకంలోకి ఎక్కించండి.

• ఏటా అదే మొక్కను చూడండి. కొమ్మలు కత్తిరించిన రోజు, నీళ్లు మొదలెట్టిన రోజు కూడా రాస్తేనే లెక్క తేలుతుంది.

• తొందరపడి పూసిన మల్లెకు సంబరపడి ఎరువు గుమ్మరించొద్దు. పాదులో ఎండుటాకులు పరిచి తడి ఆరకుండా చూస్తే చాలు.

• మామిడి నిండు పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు జోలికి పోవద్దు. తేనెటీగలు చచ్చిపోతే పిందె నిలిచేది ఎలా?

• పళ్లెంలో నాలుగు గులకరాళ్లు వేసి నీళ్లు పోసి పెరట్లో పెట్టండి. ఎండ ముదిరితే తేనెటీగలకు అదే చలివేంద్రం.

పదేళ్లు ఇలా రాస్తే మీ ఇంట్లో పది తేదీలుంటాయి. అప్పుడు మనవరాలు ‘అవ్వా, మల్లెలు నిజంగానే ముందొస్తున్నాయా?’ అని అడిగితే బుగ్గన వేలేసుకోవాల్సిన పనుండదు. పుస్తకం తీసి చూపిస్తే సరి.

ఈసారి మొదటి మల్లె విచ్చినప్పుడు జడలో పెట్టుకోండి. దానికి ముందు మాత్రం... ఓ పెన్ను అందుకోండి!