ఆర్మూరు బాలురకు వాద్యశిక్ష

పసుపు పంటకు తొమ్మిది మాసములు ఓర్చుకొను ఆర్మూరు ప్రాంతపు రైతులు, బిడ్డ చేతికి వాద్యమిచ్చిన మూడవ మాసముననే కీర్తన వినిపింపుమని గురువును తొందరపెట్టుట మాకు వింతగా తోచుచున్నది. సరళీస్వరములును జంటస్వరములును మూడు కాలములలో పలుకువరకు చేయి కుదురదు. దుంప ఊరకముందే త్రవ్వు రైతెవ్వడు?

ఇంట విద్య నేర్పించుటలో తప్పేమియు లేదు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు తొలుత తమ యన్నగారియొద్దనే ఫిడేలు నేర్చిరి. 1919లో విజయనగర సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరగోరి పోగా, అధ్యక్షులగు ఆదిభట్ల నారాయణదాసుగారు వారి వాద్యమును విని, ఆచార్యునిగానే నియమించిరి. అయితే ఆ ఫలమునకు వెనుక నిత్యసాధన యున్నది. వారమున కొక గంట పాఠము చెప్పించి, తక్కిన ఆరు దినములు పెట్టె మూసియుంచు నిండ్లలో గురువేమి చేయగలడు?

మరియొక మాట. ఫిడేలు కష్టమని తలచి కొందరు తల్లిదండ్రులు మీటల వాద్యమును కొనిపెట్టుచున్నారు. మీట నొక్కిన స్వరము పలుకునే కాని గమకము పలుకదు. ముఖ్యముగా ఈ లోపమును బట్టియే 1940లో అఖిల భారత రేడియోవారు హార్మోనియమును బహిష్కరించిరి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. హార్మోనియముపై మాకు పగ లేదు. మన భజనలును నాటకములును దానితోనే బ్రతికినవి. కాని రాగము నేర్వదలచిన బిడ్డకు ముందు చెవి కుదురవలెను. అది తంత్రిపైననే కుదురును.

ఇక గురువుగారి జీతము. పసుపు ధర యొక యేడు లేచును, ఒక యేడు పడును. జీతమును దానికి ముడిపెట్టరాదు. మాఘఫాల్గుణములలో పంట యింటికి వచ్చినపుడే యేడాది జీతమును ముందుగా చెల్లింపుడు.