రాజ్యాంగమున వ్రాతయు వాడుకయు

ఇంగ్లండునకు లిఖిత రాజ్యాంగము లేదనుట మన పాఠశాలలనుండియు వినవచ్చు మాట. ఇది సగము మాత్రమే నిజము. 1215 నాటి మాగ్నాకార్టా, 1689 నాటి హక్కుల బిల్లు, 1701 నాటి వారసత్వ శాసనము, ఇవన్నియు వ్రాతలే గదా! వారికి లేనిది, వీని నన్నిటిని ఒక్క గ్రంథముగ కూర్చి తక్కిన శాసనములకు తలమానికముగ నిలిపిన సంహిత. అందుచే పార్లమెంటు ఎట్టి శాసనమునైనను సామాన్యమైన ఓటుతో మార్చుకొనవచ్చును. న్యూజీలండు స్థితియు దాదాపు ఇంతియే. మనమన్ననో 1949 నవంబరు 26వ తేదీన 395 అధికరణములతో సంహిత నంగీకరించితిమి.

సంహిత లేనిచోట వాడుక పాలించును. బడ్జెటును ప్రభువుల సభ త్రోసిపుచ్చరాదనుట ఆంగ్లేయుల వాడుక. 1909లో ప్రభువులు లాయిడ్ జార్జి బడ్జెటును త్రోసిపుచ్చిరి. రెండేండ్లు తిరుగకమునుపే ఆ వాడుక 1911 నాటి పార్లమెంటు శాసనమై కూర్చున్నది. నోటిమాటపై నడచుకొన్న పాలివారు తగవు వచ్చినపుడు దస్తావేజు వ్రాయించుకొనరా? అట్లే అమెరికాలో వాషింగ్టను నాటినుండి వచ్చిన రెండు పర్యాయముల కట్టుబాటును 1940లో రూజ్వెల్టు దాటగా, 1951లో 22వ సవరణ వచ్చినది.

నోటిమాటను నమ్ముకొను భాగ్యము మనకేనాడును లేదు. ఆంగ్లేయుడు తన యింట అనుభవించు స్వేచ్ఛ సముద్రము దాటి మనకడకు రాలేదు. 1919లో ఎన్నికైన భారతీయ సభ్యులు ఎంత వ్యతిరేకించినను రౌలట్ చట్టము విచారణలేని నిర్బంధమును తెచ్చిపెట్టెను. 1928 నాటి మోతీలాల్ నెహ్రూ సంఘ నివేదికయు, 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానమును ప్రాథమిక హక్కులు వ్రాతలో నుండవలెనని కోరుట పాలకుల సౌజన్యమును ఆ విధముగ చవిచూచిన పిమ్మటనే.

అయినను వ్రాసికొన్న హక్కు తనంతట లేచివచ్చి ఖైదీ సంకెలను విప్పదు. 1975 జూన్ 25వ తేదీన అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. రెండు దినములకు వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు, 21వ అధికరణము రక్షణకై న్యాయస్థానమున కేగు త్రోవను మూసివేసెను. ఉత్తరువున్నను నిర్బంధము చట్టబద్ధమా కాదా యని విచారింపవచ్చునని తొమ్మిది హైకోర్టులు చెప్పినవి. 1976 ఏప్రిల్ 28వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులైదుగురిలో నలుగురు కాదనిరి. జీవితమును స్వేచ్ఛయు రాజ్యాంగము పెట్టిన భిక్ష కావనియు, చట్టపు ఆధారము లేక వానిని హరింప నెవరికిని వీలులేదనియు పలికినవారు జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే. మరుసటి యేడు ప్రధాన న్యాయమూర్తి పదవికి సీనియరైన ఆయనను విడిచి మరియొకరిని నియమింపగా ఆయన రాజీనామా యిచ్చిరి. సీనియరును నియమించుటయు వ్రాతలో లేని వాడుకయేనని పాఠకులు గమనింతురు గాక!

ఇంగ్లండులో 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్ రాణికి సలహాయిచ్చి పార్లమెంటు సమావేశములను ఐదు వారములపాటు మూయించెను. ఇది కూడదని ఏ సంహితలోనూ వ్రాసియుండలేదు. అయినను సెప్టెంబరు 24వ తేదీన పదునొకండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ అది చెల్లదనిరి. మరునాడే పార్లమెంటు కూడినది. దీనినిబట్టి అలిఖితమే మేలని తలపరాదు. 1941లో, యుద్ధకాలమున, ఒక నిర్బంధితుని కేసులో మంత్రి నమ్మకమే చాలును, కారణములు చూపనక్కరలేదని అచ్చటి ప్రభువుల సభ న్యాయాధిపతులే తీర్పిచ్చిరి. లార్డ్ ఆట్కిన్ ఒక్కరే అడ్డుపడిరి. భయము పట్టినపుడు అక్కడ ఎట్లో ఇక్కడనట్లే.

మేము వ్రాత పక్షమువారమే. వ్రాతలో చిల్లు ఎక్కడ పడినదో కంటికి కనబడును, కనబడినదానిని పూడ్చవచ్చును. 20, 21 అధికరణముల రక్షణను అత్యవసర పరిస్థితియందైనను నిలుపరాదని 1978 నాటి 44వ సవరణ కట్టడి చేసినది. 2017లో తొమ్మండుగురి ధర్మాసనము 1976 నాటి తీర్పునే కొట్టివేసినది.

కాని ఎంత వ్రాసినను కొంత వాడుకకు మిగులును. 164వ అధికరణము ప్రకారము ముఖ్యమంత్రిని గవర్నరు నియమించును, మంత్రులు ఆయన యిష్టమున్నంతకాలము పదవిలో నుందురు, శాసనసభకు సమష్టిగ బాధ్యులు. సభలో బలమెవరిదో ఎచ్చట తేల్చవలెనో అందు లేదు. 1984 ఆగస్టు 16వ తేదీన గవర్నరు రాంలాల్ ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావుగారిని సభలో బలపరీక్ష లేకుండగనే తొలగించి, నాదెండ్ల భాస్కరరావుగారిచే ప్రమాణస్వీకారము చేయించిరి. రామారావుగారికి మద్దతిచ్చిన శాసనసభ్యులు బెంగుళూరున విడిదిచేయవలసివచ్చెను. నెల దినముల ప్రజాందోళన పిమ్మట, సెప్టెంబరు 16వ తేదీన, ఆయన మరల ముఖ్యమంత్రి యైరి. పదేండ్లకు, 1994లో, కర్ణాటక ముఖ్యమంత్రిగ నుండిన ఎస్. ఆర్. బొమ్మై కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మంత్రివర్గపు బలము రాజభవనమున గాక శాసనసభలోనే తేలవలెనని నిర్ణయించినది. ఆ మాట 164వ అధికరణములో నేటికిని లేదు.