నాస్ మౌనంగా ఉంటే క్షేమంగా ఉన్నట్టేనా?

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే వేదిక నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు తాను ఏ సర్వర్‌లో ఉన్నదీ పొరబడి, అసలు డేటాబేస్ ఉన్న ఫోల్డర్‌ను చెరిపేశారు. తప్పు గమనించి ఆపేసరికే సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని చూస్తే అక్కడ ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షను, డేటాబేస్ వెర్షను ఒకటి కాకపోవడంతో ఆ పని ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైనప్పుడు హెచ్చరిక మెయిల్ పంపే ఏర్పాటు ఉంది, మెయిళ్లు బయల్దేరాయి కూడా. అయితే మెయిల్ నిజంగా ఎవరిదో తేల్చే డీమార్క్ నిబంధన ప్రకారం వాటికి ఉండాల్సిన గుర్తింపు లేకపోవడంతో అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరించింది. ఎవరికీ ఏ కబురూ అందలేదు. అంతకు ఆరు గంటల ముందు మరో పని కోసం తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు నకలు, ఒకటి ఉండబట్టి గట్టెక్కారు గానీ, ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం తిరిగి రాలేదు. జరిగినదంతా గిట్‌ల్యాబ్ దాచకుండా తానే రాసి అందరి ముందూ పెట్టింది. అందుకు ఆ సంస్థను మెచ్చుకోవాలి.

అంత పెద్ద సంస్థ సంగతి మనకెందుకు అనిపించవచ్చు. కానీ పెళ్లి వీడియోలు దాచే ఫోటో స్టూడియోలో, ఆడిటర్ ఆఫీసులో, స్కానింగ్ సెంటర్లో ఇప్పుడు నాస్ పెట్టెలు కనిపిస్తున్నాయి. రెండో నాలుగో హార్డ్ డిస్కులు పట్టే పెట్టె అది. కేబుల్‌తో స్విచ్‌కు కలిపితే ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఫైళ్లు అందులోనే దాచుకుంటాయి. సైనాలజీ, క్యూనాప్ లాంటివి కొనుక్కోవచ్చు, లేదంటే ఓ కంప్యూటర్లో ట్రూనాస్ వేసి తయారుచేసుకోవచ్చు. దేనిలోనైనా హెచ్చరికల మెనూ ఉంటుంది. అందులో ఓ మెయిల్ అడ్రసు ఇచ్చేసి పని అయిపోయిందనుకోవడం మామూలే. నిజానికి అప్పటికి సగం పని కూడా కాలేదు. డిస్కులో పుట్టిన లోపం మనిషి చెవిన పడేదాకా కబురు చాలా చేతులు మారాలి. మధ్యలో ఎక్కడ ఆగినా మనకు మిగిలేది నిశ్శబ్దమే. అంతా బాగున్నప్పుడు ఉండేదీ ఆ నిశ్శబ్దమే.

అందుకే ఈ అమరికను చివరి నుంచి, అంటే కబురు అందాల్సిన మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టడం మేలు.

మన దగ్గర ఎక్కువమంది ఇచ్చేది జీమెయిల్ అడ్రసు. 2022 మే 30 నుంచి గూగుల్ వ్యక్తిగత ఖాతాల్లోకి వట్టి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో వచ్చే పరికరాలను రానివ్వడం మానేసింది. అంతకుముందు మామూలు పాస్‌వర్డ్‌తో అమర్చి వదిలేసిన నాస్‌లకు ఆ దారి మూసుకుపోయింది. దీనికి పరిష్కారం తేలికే. జీమెయిల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, నాస్ కోసం విడిగా 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. లేదా నాస్ మెనూలోనే గూగుల్ ఖాతాతో నేరుగా లాగిన్ అయ్యే దారి ఉంటే అది వాడాలి. ఎస్సెమ్మెస్ వస్తే బాగుండు అనిపిస్తుంది గానీ, మన దేశంలో సంస్థల సిస్టంల నుంచి మెసేజ్‌లు పోవాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వేదికలో పేరు, మెసేజ్ నమూనా ముందే నమోదు చేయించాలి. చిన్న ఆఫీసుకు అంత తతంగం అక్కర్లేదు. నాస్ కంపెనీ మొబైల్ యాప్, టెలిగ్రామ్ బాట్ చాలు. అయితే దారులు రెండుండాలి, మనుషులూ ఇద్దరుండాలి. మెయిల్ ఒక్కటే పెట్టుకుంటే అది స్పామ్‌లో పడ్డ రోజున దిక్కు లేదు. హెచ్చరికలు అందుకునే ఉద్యోగి మానేసి వెళ్లిన రోజునే ఆ అడ్రసు మార్చాలి. ఇది సాంకేతిక విషయం కాదు గనుక ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నాస్ పూర్తిగా ఆగిపోతే ఆ కబురు అది పంపలేదు. కాబట్టి దాన్ని బయటి నుంచి చూసే పరికరం ఒకటి కావాలి. చిన్న ఆఫీసుకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి, అందులో ఉచితంగా దొరికే అప్‌టైమ్ కూమా సరిపోతాయి. అది నిమిషానికోసారి నాస్‌ను పలకరించి, జవాబు రాకపోతే ఫోనుకు చెబుతుంది. పెట్టెలు ఎక్కువున్నచోట జాబిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతారు. డిస్కు వేడి ఎంత, ఎంత నిండింది, నెట్‌వర్క్‌లో ఎంత పోతోంది అన్న వివరాలను నాస్ నుంచి అడిగి తెలుసుకునే భాష ఎస్‌ఎన్‌ఎంపీ. 1988 నుంచి ఉన్న పద్ధతి ఇది. అడగడానికి 161 పోర్టు, పరికరం తనంతట తాను ఫిర్యాదు చేయడానికి 162 పోర్టు వాడుతుంది. దాని పాత వెర్షన్లలో రహస్యపదం కూడా దాపరికం లేకుండా తీగ మీద పోతుంది, పైగా అది చాలాచోట్ల 'పబ్లిక్' అనే ఉంటుంది. మూడో వెర్షను ఉంటే అదే ఎంచుకోండి.

ఆఫీసంతటికీ కరెంటో ఇంటర్నెట్టో పోతే రాస్ప్‌బెర్రీ పై కూడా మూగబోతుంది. అందుకని ఉన్నంతలో గట్టి ఏర్పాటు తిరగేసి చూడటం. 'నేనున్నాను' అని నాస్ గంటకోసారి బయట ఇంటర్నెట్‌లోని ఒక సేవకు కబురు పంపుతుంది. కబురు రాకపోతే ఆ సేవే మనకు ఫోన్‌లో చెబుతుంది. గిట్‌ల్యాబ్‌లో బ్యాకప్ పనికి ఇలాంటిది ఉండి ఉంటే, మెయిళ్లు తిరస్కరణకు గురైనా విషయం ముందే బయటపడేది. మీ దగ్గరా బ్యాకప్ విఫలమైతే చెప్పమని అడగడంతో సరిపెట్టకండి. పూర్తయ్యాక తప్పనిసరిగా చెప్పమనండి, అది చెప్పకపోతే మోగేలా పెట్టండి.

కరెంటు విషయంలో తరచూ జరిగే లోపం ఒకటుంది. నాస్‌కు యూపీఎస్ పెడతారు, యూఎస్‌బీ తీగతో కలుపుతారు, బ్యాటరీ తగ్గితే పద్ధతిగా ఆగిపోయేలా అమరుస్తారు. రూటర్‌ను మాత్రం గోడ ప్లగ్గులోనే ఉంచేస్తారు. కరెంటు పోగానే రూటర్ ఆగుతుంది, 'బ్యాటరీ మీద నడుస్తున్నాను' అన్న హెచ్చరిక నాస్‌లోనే ఉండిపోతుంది. రూటర్, స్విచ్, ఫైబర్ పెట్టె కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి.

ఇక దేన్ని కనిపెట్టాలి? అన్నిటికంటే ముందు రెయిడ్ స్థితిని, అంటే డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు ఎలా ఉందో. రెయిడ్ 5లో ఒక డిస్కు చచ్చినా ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి. దాన్ని పెట్టుకున్నదే అందుకు, దానిలోని అపాయమూ అదే. రెండో డిస్కు పోయేదాకా ఎవరికీ తేడా తెలియదు, పోయాక చేసేదేమీ ఉండదు. ఈ ఒక్క హెచ్చరిక అర్ధరాత్రయినా నిద్ర లేపాలి. డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పే స్మార్ట్ లెక్కల్లో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి బదులు మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమై అనుమానంలో ఉన్నవి) పెరుగుతున్నాయేమో చూడాలి. గూగుల్ తన డేటా సెంటర్లలోని డిస్కుల మీద 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఉపరితల తనిఖీలో మొదటి లోపం (స్కాన్ ఎర్రర్) కనిపించిన డిస్కు తర్వాతి 60 రోజుల్లో పాడయ్యే అవకాశం, లోపం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అయితే పాడైన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ గుర్తుల్లో ఏదీ చూపకుండానే పోయాయని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే స్మార్ట్ హెచ్చరిస్తే నమ్మాలి, హెచ్చరించలేదని ధీమాగా ఉండకూడదు.

నెట్‌వర్క్ వైపు నేను ముందు చూడమనేది లింకు వేగం. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. ఎలుక కొరికో, కనెక్టరు వదులయ్యో ఒక జత దెబ్బతింటే లింకు తెగిపోదు, చప్పుడు లేకుండా పదో వంతుకు దిగుతుంది. సెకనుకు నూరు ఎంబీకి పైగా వచ్చే ఫైళ్లు పన్నెండు లోపే వస్తాయి. అందరూ నాస్ పాతబడిందనుకుని కొత్తదాని ధరలు కనుక్కుంటారు. లింకు 1000 కంటే తగ్గితే మోగే హెచ్చరిక ఒకటి పెడితే కేబుల్ మార్చి ఊరుకోవచ్చు.

లాగిన్ ప్రయత్నాలు వరసగా విఫలమైతే చెప్పే హెచ్చరిక తప్పనిసరి. కానీ అదొక్కటే చాలదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్‌సమ్‌వేర్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌లలోకి సాఫ్ట్‌వేర్ లోపం గుండా దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. పాస్‌వర్డ్‌తో పనే లేని దాడి అది. అలాంటప్పుడు ఎవరూ లేని వేళ ప్రాసెసర్, డిస్కు రాతలు ఉన్నట్టుండి పెరగడాన్ని బట్టే పసిగట్టగలం.

హెచ్చరికల హద్దులు ఎక్కడ పెట్టాలన్నది ఊరిని బట్టి తేల్చుకోవాలి. వేసవిలో బయటే 45 డిగ్రీలుండే రామగుండంలో ఏసీ లేని గదిలో డిస్కు వేడి హద్దును 45కే మోగేలా పెడితే రోజంతా మోగుతుంది. వారానికల్లా ఎవరో దాన్ని మ్యూట్ చేస్తారు, దాంతో పాటు రెయిడ్ హెచ్చరికా మూగబోతుంది. చాలా హార్డ్ డిస్కులకు తయారీదారులిచ్చే గరిష్ఠ హద్దు 60 డిగ్రీలు గనుక, అలాంటి గదిలో 52 దగ్గర పెట్టి, పది నిమిషాలు ఆగకుండా ఉంటేనే మోగమనడం నయం. చోటు 80 శాతం నిండినప్పుడు మెయిల్, 90 దాటితే ఫోను. పలకరింపుకు ఒకసారి జవాబు రాలేదని కాక, వరసగా మూడుసార్లు రాకపోతేనే మోగాలి.

ఇవన్నీ పెట్టాక నాస్ మెనూలో ఉన్న టెస్ట్ మెసేజ్ బటన్ నొక్కండి. వచ్చిందో లేదో ఇద్దరి ఫోన్లలోనూ చూడండి. పని లేని వేళ నాస్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ లాగి, ఎన్ని నిమిషాలకు ఫోను మోగుతుందో గడియారం పెట్టి చూడండి. మూడు నెలలకోసారి, ఇంటర్నెట్ కంపెనీయో మెయిల్ పాస్‌వర్డో మారిన ప్రతిసారీ మళ్లీ ఇదే చేయండి. మీ నాస్ కొని ఏడాది దాటి, ఇంతవరకూ ఒక్క హెచ్చరికా రాకపోయి ఉంటే, ఆ బటన్ ఈరోజే నొక్కండి.