చదివే హక్కు, అచ్చు అక్షరం

చూపులేని నాబోటి పాఠకుడికి సాహిత్యం చాలాకాలం ఇతరుల దయ మీదే అందింది. ఎవరైనా చదివిపెడితే విన్నట్టు, లేకుంటే లేదు. 2012 నాటి కాపీరైటు చట్ట సవరణ దీన్ని హక్కుగా మార్చింది. లాభాపేక్ష లేకుండా, రచయిత అనుమతి అడగకుండా ఏ పుస్తకాన్నైనా మా కోసం బ్రెయిలీలోకో, ధ్వనిలోకో, కంప్యూటరు ప్రతిగానో మార్చవచ్చు. 2013 నాటి మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించిందీ మన దేశమే.

అయితే హక్కు వేరు, పుస్తకం చేతికందడం వేరు. తెలుగు పుస్తకాలు అనేకం యూనికోడ్ కాని ఫాంట్లలో తయారవుతున్నాయి. ఆ ప్రతిని కంప్యూటరు చదివితే వినిపించేది అర్థంలేని గుర్తులే. మార్చుకోనిచ్చిన చట్టం, మార్చడానికి వీలైన ప్రతి ఇమ్మని రచయితను నిర్బంధించలేదు. ఆ లోటు పూడ్చవలసింది మనమే. పీడితుల పక్షాన రాసే ప్రతి రచయితా తన యూనికోడ్ ప్రతిని అంధుల గ్రంథాలయానికి అప్పగించాలి.