కాలువ బురదలో దాగిన లోహములు

వేసవిలో మన యిందుకూరుపేట ప్రాంతమున కాలువల పూడిక తీయునపుడు, గట్టుమీద బడిన నల్లని బురద కుళ్లిన కోడిగ్రుడ్ల కంపు గొట్టును. బాలురు ముక్కు మూసికొని పరుగెత్తుదురు. ఆ కంపునందే యొక పాఠ మున్నది.

బురద యడుగున ఆకు, అలము కుళ్లునపుడు అచ్చటి ప్రాణవాయువు వ్యయమైపోవును. అంతట సూక్ష్మజీవులు గంధకపు లవణములనుండి యా దుర్వాయువును బుట్టించును. మురుగువెంట వచ్చిన సీసము, కాడ్మియము, రాగి యీ గంధకముతో గూడి, నీట గరగని పదార్థములై మట్టిలో నిలిచిపోవును. పైనీటిని మాత్రమే పరీక్షించువారికి దోషము స్వల్పముగనే కనబడును.

అట్టి బురదను తీసి యెండబెట్టినచో గాలి తగులును. గంధకము ప్రాణవాయువుతో గలిసి ఆమ్లమగును, లోహము విడివడును. దీనిని మేము తరగతిలో కిలుము పట్టిన రాగిచెంబుతో జూపితిమి. చింతపండు పులుసు తగిలినతోడనే కిలుము గరగి నీరు ఆకుపచ్చ చాయ దేరెను. (ఇంట దినమును జూచుచున్న పనియే యని బాలికలు నవ్విరి.) మట్టిలో సున్నమున్నచో ఆమ్లము కొంత విఱుగును. పెన్న సముద్రమున గలియు చోట్ల వంటి తావుల ఉప్పునీరును వేఱొక విధమున బనిచేయును: ఉప్పులోని క్లోరైడు కాడ్మియమును మట్టినుండి లాగికొనును.

ఆర్సెనిక్ స్వభావము దీనికి దలక్రిందులు. అది యినుప త్రుప్పు నంటిపెట్టుకొని యుండును. నీరు నిలిచి గాలి యాడనిచో త్రుప్పు గరగి ఆర్సెనిక్ వెలువడును. కావున ఇవి చేరిన వరిమడిలో నీరు నిలిపిన ఆర్సెనిక్, ఆరగట్టిన కాడ్మియము పైరున కెక్కుట హెచ్చు. రైతు రెంటి నడుమ జిక్కుకొనును.

జపానులో జింజూ నది యెగువ గనుల కాడ్మియము దిగువ వరిచేలలో జేరెను. ఆ యన్నము దినినవారిలో, ముఖ్యముగా నడివయసు దాటిన స్త్రీలలో, ఎముకలు మెత్తబడి విఱిగెను. వారి మూలుగునుబట్టియే ఆ రోగమునకు ‘ఇతాయ్ ఇతాయ్’, అనగా ‘అబ్బా, నొప్పి’ యని పేరు వచ్చెను. 1968లో ప్రభుత్వము కారణము నంగీకరించెను. చేల మట్టిని బాగుచేయు పని 1979లో మొదలై 2012లో గాని ముగియలేదు.

మన తెలుగునాట పటాన్‌చెరు కర్మాగారముల మురుగు నక్కవాగు మీదుగా మంజీరకు జేరెను. ఆ ప్రాంతపు మట్టిలో ఆర్సెనిక్, క్రోమియము మితిమీరి యుండుట పరిశోధకులు కనుగొనిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కెను. మురుగు నాపినను అడుగున జేరినది వెంటనే పోదు. వఱద వచ్చినప్పుడెల్ల అది కదలును.

పూడికమట్టిని చేనికి దోలు తండ్రులకు మా మనవి యొకటి. మురుగు గలియని కాలువ ఒండు చేనికి బలమే. మురుగు గలిసిన చోటిదైనచో, మామూలు భూసార పరీక్షతో దృప్తిపడక, సీసము, కాడ్మియము, ఆర్సెనిక్‌ల పరీక్షను బ్రత్యేకముగ నడిగి, ఆ ఫలితము వచ్చువఱకు దానిని గట్టుననే యుంచక, వర్షము దానిమీదుగా కాలువలోనికి మరల బాఱని యెత్తయిన తావున గప్పి యుంచవలెను.